ముందు టైరు చూడు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు నన్ను అడిగి నెల రోజులైంది. పూర్వ విద్యార్థి అంటే 'హాస్టల్ నాకు నేర్పిన పాఠాలు' అనో, 'కృషి ఉంటే' అనో రాస్తాడని వాళ్ల నమ్మకం. అలాంటివి నేను ఇంతకుముందే రెండు రాశాను. పాత సంచికలు వార్డెన్ సార్ గదిలో బీరువాలో ఉంటాయి, కావాలంటే తీసి చూసుకోండి. ఈసారి మాత్రం మోటారు సైకిల్ గురించి రాస్తున్నాను. నవ్వకండి. మొన్న వచ్చినప్పుడు మన హాస్టల్ వెనక గోడ వెంట ఎన్ని బండ్లున్నాయో లెక్కపెట్టాను. పదకొండు. 2018లో నేను ఇంటర్మీడియట్‌కు ఇక్కడ చేరినప్పుడు ఒక్కటి కూడా లేదు. వంట మాస్టరు సైకిల్ ఒక్కటే ఉండేది, దానికీ బ్రేకులు ఉండేవి కావు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేను. మొదటి బండి కొన్నవాణ్ణి కూడా నేనే. మాది ఎమ్మిగనూరు దాటి కోసిగి వైపు పల్లె. మా అమ్మానాయనలు ప్రతి యేడూ సుగ్గికి గుంటూరు వైపు పోయి మిరపకాయలు కోసి వచ్చేవాళ్లు. మన హాస్టల్లో సగం మందికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 2022లో డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఇంటిమీద ఆధారపడకూడదని సాయంత్రాలు పార్శిళ్లు ఇచ్చే పనిలో చేరాలనుకున్నాను. ఆ పనికి బండి కావాలి. అమ్మ రెండు మేకలు అమ్మింది, సుగ్గి డబ్బుల్లో కొంత కలిపింది. 28 వేలకు సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్ వచ్చింది. నా పట్టా ఏ సబ్జెక్టులోదో మా అమ్మకు ఇప్పటికీ తెలియదు గానీ బండి నంబరు మాత్రం తప్పులేకుండా చెబుతుంది.

ఫోన్ పెట్టేసే ముందు అమ్మ ఎప్పుడూ ఒకటే మాట అంటుంది. "చూసుకోని పో నాయనా." నేను చూసుకునే పోతాను. ఎదుటివాడు చూసుకోకుండా వస్తే ఏం చేయాలన్నది అమ్మకు తెలియదు, నాకు బండి అమ్మిన మెకానిక్కు చెప్పలేదు, లైసెన్సు ఇచ్చేటప్పుడు ఎనిమిది అంకె వేయించిన వాళ్లూ అడగలేదు. దాన్ని నేను నేర్చుకున్నది కొంత దెబ్బ తగిలి, కొంత మా మామ దగ్గర, కొంత పుస్తకాల్లో.

మొదట దెబ్బ సంగతి చెబుతాను. పనిలో చేరి రెండు నెలలు కాలేదు. సాయంత్రం ఏడు గంటలకు సి.క్యాంప్ సెంటర్ నుంచి వస్తున్నాను. ఎడమవైపు సందులోంచి ఒక కారు ముక్కు బయటపెట్టి ఆగింది. డ్రైవరు తల తిప్పి నా వైపు చూశాడు. సరిగ్గా నా కళ్లలోకే చూశాడు. చూశాడులే, ఆగుతాడులే అనుకుని నేను అదే వేగంలో వచ్చాను. నేను దగ్గరికి వచ్చేసరికి కారు కదిలింది. హ్యాండిల్ కారు బానెట్‌కు తగిలింది, నేను అవతల పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, ప్యాంటు చిరిగింది, బ్యాగులోని బిర్యానీ రోడ్డు పాలైంది. కారాయన దిగి వచ్చి, చేతిలో ఫోను అట్లాగే పట్టుకుని, "కనపడలేదు తమ్ముడూ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నన్ను చూసి, కనపడలేదంటాడేమిటి? పచ్చి అబద్ధం అనుకున్నాను. చాలా రోజులు అట్లాగే అనుకున్నాను.

మా మామ లారీ డ్రైవరు. బేతంచెర్ల నుంచి నాపరాళ్లు ఎత్తుకుని హైదరాబాదు, బెంగుళూరు తిరుగుతాడు. ఆ వారమే లోడుతో కర్నూలు ఊరి బయట ఆగి నన్ను చూడాలని ఫోన్ చేశాడు. మా అత్త కొడుకును వెంటబెట్టుకుని కుంటుకుంటూ పోయాను. జరిగింది చెప్పి, "వాడు నన్ను చూసి గూడా వచ్చినాడు మామా" అన్నాను.

"చూసినాడని నీకెట్ల తెలుసు?"

"నా కండ్లలోకే చూసినాడు."

"కండ్లు చూసి ఏం జేస్తావు అల్లుడా? కండ్లు ఒక పక్క చూస్తాంటాయి, మనసు ఇంగో పక్క ఉంటాది. టైరు అబద్ధం చెప్పదు. ముందు టైరు చూడు. అది తిరిగిందంటే వాడు వచ్చినట్టే."

అంతటితో ఊరుకోలేదు. లారీ క్యాబిన్ ఎక్కి స్టీరింగు ముందు కూర్చోమన్నాడు. మా అత్త కొడుకును నా బండి తీసుకుని లారీ చుట్టూ నిలబడమన్నాడు. మొదట ఎడమ తలుపు పక్కన, ముందు చక్రానికి దగ్గరగా. "వాడు యాడుండాడో చెప్పు" అన్నాడు మామ. నేను ఎడమ అద్దంలో చూశాను. రాళ్ల లోడు అంచు, దాని వెనక రోడ్డు, దూరంగా వస్తున్న ఆటో కనిపించాయి. మావాడు లేడు. కిటికీలోంచి చూశాను, లేడు. హారన్ కొట్టమంటే కొట్టాడు. అప్పుడు మాత్రం సరిగ్గా నా ఎడమ మోచేతి కింద ఉన్నట్టు వినిపించింది. తర్వాత లారీ ముందు, బంపరుకు ఆనుకుని బండి మీద కూర్చోమన్నాడు. అద్దంలోంచి ఖాళీ రోడ్డు కనిపించింది. తర్వాత వెనక, లోడుకు నాలుగు గజాల దూరంలో. రెండు అద్దాల్లోనూ లేడు. ఆరడుగుల మనిషి, ఎర్ర చొక్కా, లైటు వేసిన మోటారు సైకిలు ఇట్లా మూడు చోట్ల మాయమైపోయాయి. నేను ఆ సీట్లో కూర్చుని ఉండకపోతే ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు.

"నా అద్దంలో నా మొగం నీకు కనపడితేనే నువ్వు నాకు కనపడతావు. కనపడలేదంటే నా లెక్కలో నువ్వు లేనట్టే" అన్నాడు. ఎడమవైపు సందు ఉంది కదా అని దూరే కాలేజీ పిల్లల గురించి చెప్పాడు. లారీ ఎడమకు మలుపు తీసుకునేటప్పుడు ముందు చక్రాలు పెద్దగా తిరుగుతాయి, వెనక చక్రాలు మాత్రం లోపలి నుంచి అడ్డంగా కోసుకుంటూ వస్తాయట. మొదట బారెడు ఉన్న సందు చివరికి బెత్తెడు కూడా ఉండదు. అందులో ఉన్నవాడు ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు. "రెండు దినాల్నుంచి నాకు నిద్ర లేదు. వెనక ఇరవై టన్నుల బండలు ఉండాయి. బ్రేకు తొక్కినా ఆ బరువు నన్ను ముందుకు తోస్తాది. నన్ను నమ్ముకోని నువ్వు బండి నడపొద్దు" అన్నాడు. సొంత మామే ఆ మాట అనేసరికి నాకు కొంచెం బాధేసింది. నిజం మాత్రం అదే.

ఆ రోజు నుంచి కూడలిలో ఏ కారు ఆగి ఉన్నా డ్రైవరు మొహం చూడటం మానేశాను. ముందు చక్రం చూస్తాను. చక్రం మీద ఉండే గీతలు, నట్లు కదిలాయా లేదా అన్నది దూరం నుంచే తెలిసిపోతుంది. బండి మొత్తం కదిలినట్టు మనకు అనిపించకముందే చక్రం తిరగడం కనిపిస్తుంది. రోడ్డు పక్క ఆగిన కార్లలో ఏ తలుపు తెరుచుకుంటుందో చెప్పేది కూడా చిన్న చిన్న గుర్తులే. వెనక ఎర్ర లైటు అప్పుడే ఆరిపోవడం, లోపల ఒక తల కదలడం. అందుకే ఆగి ఉన్న కార్ల వరసకు తలుపు అంత దూరం వదిలి పోతాను. వెనక వచ్చేవాడు హారన్ కొడితే కొట్టుకోనిస్తాను.

తర్వాత ఎం.ఎస్సీ. ఫిజిక్స్‌లో చేరాక ఆ కారాయన మాట మళ్లీ గుర్తొచ్చింది. 'కనపడలేదు' అన్నది నిజమే అయ్యుండొచ్చా అని వెతికాను. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆచార్యుడు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తరఫున లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో 900 మోటారు సైకిల్ ప్రమాదాలను, జరిగిన చోటికే పోయి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చాడు. అందులో తేలిందేమంటే, బైకూ ఇంకో వాహనమూ ఢీకొన్న ప్రమాదాల్లో సుమారు మూడింట రెండు వంతులు ఆ రెండో వాహనం బైకుకు దారి ఇవ్వకుండా అడ్డం రావడం వల్ల జరిగినవి. ఆ డ్రైవర్లలో చాలామంది బైకును అసలు గమనించలేదు, లేదా గమనించేసరికి ఆలస్యమైపోయింది. సి.క్యాంప్ సెంటర్లో నాకు జరిగింది ఆయన నలభై ఏళ్ల కిందటే రాసి పెట్టాడన్నమాట.

దీని వెనక లెక్క ఉంది. ఫిజిక్స్ అంటే పారిపోయే తమ్ముళ్లు ఈ ఒక్క పేరా భరించండి. నేరుగా మనవైపు వచ్చే వస్తువు పక్కకు జరిగినట్టు కనిపించదు, పెద్దదవుతుంది అంతే. వంద మీటర్ల దూరంలో ఉన్న బైకు యాభై మీటర్లకు వస్తే కంటికి రెట్టింపు అవుతుంది, అక్కడి నుంచి ఇరవై ఐదుకు వస్తే ఇంకో రెట్టింపు. అంటే చాలాసేపు చిన్న చుక్కలాగే ఉండి, ఆఖరి రెండు సెకన్లలో ఒక్కసారిగా మీద పడుతుంది. బస్సు వెడల్పుగా ఉంటుంది కాబట్టి ముందే భయపెడుతుంది. సన్నటి బైకు భయపెట్టదు. పైగా కారు ముందు అద్దానికి పక్కనుండే స్తంభం వెనక ఒక బైకు మొత్తం దాక్కోగలదు. డ్రైవరు తల అటు తిప్పి ఇటు తిప్పేలోపు కళ్లు ఒకచోట నుంచి ఇంకోచోటికి దూకుతాయి, మధ్యలో ఉన్నది మెదడుకు చేరదు. కాబట్టి నా కళ్లలోకి చూసిన ఆయన నన్ను నిజంగానే చూడలేదేమో. చేతిలో ఫోను ఉన్నందుకు మాత్రం నేను ఇంకా క్షమించలేదు.

ఫోను సంగతి కూడా లెక్కే. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పదహారు మీటర్ల పైచిలుకు. వచ్చిన మెసేజీ ఎవరిదో చూడటానికి రెండు సెకన్లు తల దించితే బండి 33 మీటర్లు గుడ్డిగా పోతుంది. మన హాస్టల్ వరండా ఈ చివర నుంచి ఆ చివరకు అంత ఉండదు. నా వైపు లెక్క చూస్తే, అదే 60లో నేను ప్రమాదం గుర్తించి బ్రేకు వేసి ఆగడానికి పొడి రోడ్డు మీద సుమారు 45 మీటర్లు కావాలి. 40లో పోతే అందులో సగం సరిపోతుంది. వేగం మూడో వంతు తగ్గిస్తే ఆగే దూరం సగమైంది. ఊళ్లో 40 దాటకుండా పోతే పార్శిల్ ఎంత ఆలస్యమవుతుందో కూడా ఒక వారం రాసి చూశాను. ఒక్కో ట్రిప్పుకు రెండు, మూడు నిమిషాలు. సిగ్నళ్ల దగ్గర ఎట్లాగూ అందరం ఒకేచోట నిలబడతాం.

ఇంత తెలిసినవాణ్ణి కదా, ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

అడ్రసు కోసం ఫోనును హ్యాండిల్‌కు బిగించుకుని మ్యాపు చూస్తూ నడపడం మా పనిలో అందరికీ అలవాటు. సీతాఫలాల కాలం. ఒక అవ్వ రోడ్డు అంచున గంపలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఎడమకు తిరగమని ఫోను చెప్పింది, నేను ఫోను వైపే చూస్తూ తిరిగాను. బండి ముందు చక్రం గంపను తన్నింది. గంప పల్టీ కొట్టింది, పండ్లన్నీ రోడ్డు మీద దొర్లాయి. అవ్వ ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి వాలిపోయింది. ఇంకొక్క అడుగు పోయుంటే గంపకు బదులు ఆమె మోకాళ్లు. "కండ్లు యాడ పెట్టుకున్యావు రా నీ బండి కాలిపోనూ" అని అరిచింది. నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? "కనపడలేదవ్వా."

ఆ మాట అన్న తర్వాత నేను కాసేపు బండి దిగలేకపోయాను. ఆ అవ్వ మా జేజి వయసుది. పండ్లు ఏరి గంపలో వేశాను, చితికినవాటికి డబ్బులిచ్చాను, ఆమె లెక్కపెట్టకుండానే కొంగున ముడేసుకుంది. ఆ రోజు నుంచి ఫోను జేబులోకి పోయింది. చెవిలో దారి చెబుతుంటే వింటాను, అర్థం కాకపోతే పక్కకు ఆపి చూస్తాను. దీనివల్ల మా కంపెనీ లెక్కలో నేను 'నెమ్మది' మనిషినయ్యాను. కానివ్వండి.

ఇక మా మిత్రుడి సంగతి. పేరు రాయడం లేదు, మా బ్యాచ్ వాళ్లందరికీ తెలుసు. పత్తికొండ వైపు వాడు. మా గదిలో కిటికీ పక్క మంచం వాడిది. నాకన్నా బాగా చదివేవాడు. ఫిజిక్స్‌లో నాకు అర్థం కానిదంతా వాడే చెప్పేవాడు. ఇప్పుడు ఎం.ఎస్సీ.లో నేను చదువుతున్న మెకానిక్స్ నోట్సు సగం వాడి చేతిరాతే. వాడు కూడా నాతోపాటే పార్శిళ్ల పనిచేసేవాడు. 2023 జనవరిలో, ఆఖరి సెమిస్టర్‌కు ముందు, రాత్రి పది గంటలప్పుడు బళ్లారి చౌరస్తా దాటి వస్తుంటే ఎదురుగా వచ్చే కారు ఇండికేటర్ వేయకుండా కుడికి తిరిగింది. కారు ఆగలేదు. నంబరు ఎవరూ చూడలేదు. చుట్టూ చేరినవాళ్లు ఫోన్లు తీసి వీడియోలు తీస్తున్నారట. చివరికి ఒక ఆటో అన్న ఇద్దరి సాయం పట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. కుడి కాలు రెండు చోట్ల విరిగింది. రాడ్లు వేశారు. తలకు మాత్రం ఏమీ కాలేదు. ఆ రోజు వాడు హెల్మెట్ పెట్టుకుని ఉన్నాడు. మామూలుగా ట్యాంకు మీద పెట్టుకుని తిరిగేవాడు, చలికి తలకు పెట్టుకున్నాడు. చలి వాణ్ణి బతికించింది.

పరీక్షలు పోయాయి. తర్వాత రాయొచ్చులే అనుకున్నాం. కానీ వాళ్ల ఇంట్లో ఆపరేషన్ తర్వాత ఖర్చులకు చేసిన అప్పు ఉంది, వాడు మంచంలో ఉన్నన్నాళ్లూ వాళ్లమ్మ కూలికి పోలేకపోయింది. కాలు కొంచెం పొట్టి అయింది. ఆ ఏడాది చివర్లో హాస్టల్ కొచ్చి తన ట్రంకు పెట్టె తీసుకుపోయాడు. నోట్సు నాకే వదిలేశాడు. "నీకే పనికొస్తాయిలేరా" అన్నాడు. ఆ రోజు నేను వాడితో బస్టాండు దాకా పోయి ఏమీ మాట్లాడలేక తిరిగొచ్చాను.

అప్పుడు మాకు తెలియనివి రెండున్నాయి. గుద్ది ఆగకుండా పోయిన వాహనం ఏదో తెలియనప్పుడు కూడా బాధితులకు ప్రభుత్వ పథకం కింద పరిహారం వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అది ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రగాయమైతే 50 వేలు. పోలీసుల దగ్గర ఎఫ్.ఐ.ఆర్. ఉండాలి, దరఖాస్తు రెవెన్యూ అధికారులకు పెట్టుకోవాలి. యాభై వేలతో అప్పు తీరదు గానీ ఆ పూటకు వాడి చదువు నిలబడేదేమో. రెండోది, ప్రమాదంలో పడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాళ్లను కేసులో ఇరికించడానికి లేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో ఇది స్పష్టంగా ఉంది, పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. ఈ సంగతి తెలిసి ఉంటే ఆ వీడియోలు తీసినవాళ్లలో ఒకడైనా 108కు ఫోన్ చేసేవాడని నా ఆశ. ఆటో అన్నకు ఏ చట్టమూ తెలియదు. అయినా తీసుకుపోయాడు.

హెల్మెట్ గురించి ఎక్కువ రాయను, రాస్తే మీరు పేజీ తిప్పేస్తారు. ఒక్క అంకె చెబుతాను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. అందులో పద్నాలుగు వేల మందికి పైగా వెనక కూర్చున్నవాళ్లు. రోడ్డు పక్క గుట్టగా పోసి అమ్మే టోపీలు పోలీసుల కోసం పనికొస్తాయి, తలకోసం కాదు. ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్లు అమ్మడం 2021 జూన్ నుంచి నిషేధం. అయినా అమ్ముతూనే ఉన్నారు, మనం కొంటూనే ఉన్నాం. గడ్డం కింద పట్టీ బిగించకపోతే అసలుది కూడా మనకన్నా ముందే ఎగిరిపోతుంది. మే నెల ఎండలో కర్నూల్లో తలకు హెల్మెట్ పెట్టుకోవడం అంటే ఏమిటో నాకూ తెలుసు. లోపల పలచటి నూలు గుడ్డ తడిపి కట్టుకుంటే కొంత నయం.

పోయిన అక్టోబర్ సంగతి రాయకుండా ఉండలేను. 2025 అక్టోబర్ 24, శుక్రవారం తెల్లవారుజామున హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే ప్రైవేటు బస్సు మన కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద 44వ నంబరు జాతీయ రహదారి మీద కాలిపోయింది. బస్సులో ఉన్న 19 మంది చనిపోయారు. అంతకుముందే ఒక మోటారు సైకిలు జారిపడి, దాన్ని నడుపుతున్న యువకుడు చనిపోయాడు. బండి రోడ్డు మీదే పడి ఉంది. వెనక కూర్చున్నవాడు బతికి, మిత్రుణ్ణి పక్కకు లాగాడు గానీ బండిని తీసేలోపే బస్సు వచ్చి దాన్ని ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి. పొద్దున్నే మా యూనివర్సిటీ హాస్టల్లో ఎవరమూ టిఫిన్ తినలేదు. ఎవరిది తప్పు అని వాదించుకున్నవాళ్లూ ఉన్నారు. నేను ఆ వాదనలో లేను. అంతకుముందు 2019 మే 11న వెల్దుర్తి దగ్గర, అదే రహదారి మీద, ఒక బైకును తప్పించబోయిన బస్సు అవతలి వైపు దూసుకుపోయి తుఫాన్ వాహనాన్ని గుద్దితే పదిహేను మంది దాకా చనిపోయారు. అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం ముగించి సెలవుల్లో ఉన్నాను. రెండు చోట్లా మధ్యలో ఉన్నది మనం నడిపేలాంటి బండే. మనం చిన్నవాళ్లం, మనకే దెబ్బ తగులుతుంది అనుకుంటాం గానీ, పడిపోయిన నూట పది కిలోల బండి ఒక బస్సును కూడా చంపగలదు.

అందుకని నాతో తిరిగే మిత్రులందరికీ ఇప్పుడు ఒకటే చెబుతున్నాను. హైవే మీద మీ బండైనా, ఇంకొకరి బండైనా పడిందంటే ఒకరు మనిషిని పక్కకు లాగాలి, ఇంకొకరు ఫోను టార్చి వేసుకుని, రోడ్డు అంచు మట్టి మీదే నడుస్తూ, వచ్చే వాహనాల వైపు కనీసం వంద మీటర్లు వెనక్కి పోయి ఊపాలి. పడినచోటే నిలబడి ఊపితే లాభం లేదు. 90 వేగంలో వచ్చే బస్సు సెకనుకు 25 మీటర్లు పోతుంది, దానికి ముందే తెలియాలి. ఇద్దరు లేరనుకోండి, మనిషిని లాగిన వెంటనే వెనక్కి పరుగెత్తడమే. బండి పోతే పోయింది.

మన పల్లె దారులకు వేరే చిక్కులున్నాయి, అవి ఏ అమెరికా పుస్తకంలోనూ లేవు. కోతల కాలంలో సగం రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోస్తారు, పక్కన రాళ్లు పేరుస్తారు. రాత్రి గింజలు ఎత్తేసినా రాళ్లు ఉండిపోతాయి. ఆదోని వైపు పత్తి ట్రాక్టర్లకు వెనక ఎర్ర లైటు కాదు కదా, రేడియం స్టిక్కరు ముక్క కూడా ఉండదు. ఎదురుగా వచ్చే లైట్లు కళ్లలో పడి ఏమీ కనిపించని ఆ రెండు క్షణాల్లోనే ట్రాక్టరు ముందు ఉంటుంది. అట్లా లైటు పడినప్పుడు ఎడమ అంచు తెల్లగీత వైపు చూస్తూ వేగం తగ్గించుకోవడం తప్ప నాకు ఇంకో ఉపాయం తెలియదు. మా ఊరికి పోవాలంటే ఇప్పుడు పొద్దుండగానే బయలుదేరుతాను. మా నాయనకు ఇది నచ్చింది. చదువుకున్నందుకు వచ్చిన తెలివి అంటాడు. కాదు నాయనా, మామ చెప్పినాడు అంటే వినడు.

పగలు కూడా లైటు వేసుకునే పోతాను. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు అది దానంతటదే వెలుగుతుంది, నాది 2014 మోడలు కాబట్టి నేనే వేసుకోవాలి. దారిపొడవునా మంచివాళ్లంతా చెయ్యి చూపించి, వేళ్లు మూసి తెరిచి, "లైటు అన్నా, లైటు" అని అరుస్తారు. మొదట్లో వివరంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు తల ఊపి పోతున్నాను. లైటు ఉందని చెప్పారంటే నేను వాళ్లకు కనిపించినట్టే కదా.

వార్షికోత్సవానికి పాత బ్యాచ్ వాళ్లందరినీ పిలుస్తున్నామని తమ్ముళ్లు చెప్పారు. నేను మా మిత్రుడికి ఫోన్ చేశాను. పత్తికొండలో టమాటా మండీలో లెక్కలు రాసే పని చేస్తున్నాడట. మొదట రానన్నాడు. మెట్లెక్కడం కష్టం అన్నాడు. ఆగిపోయిన పేపర్లు కట్టే సంగతి ఎత్తితే మాట మార్చాడు. రెండోసారి నేను ఆ సంగతి ఎత్తలేదు. మెకానిక్స్ నోట్సులో నలభై మూడో పేజీలో ఒక లెక్క సగంలో వదిలేశావు, అది ఎట్లా చేయాలో అర్థం కావడం లేదు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది ఫోన్లో చెప్తే నీకు ఎక్కదు లేరా, బస్సెక్కి వస్తా" అన్నాడు.

బస్టాండుకు నేనే పోతాను. వాడికి ఇప్పటికీ బండి వెనక కూర్చోవాలంటే భయమట, ఆటోలో పోదాం అన్నాడు. ఆటో అయితే ఆటో. అయినా ఉండనీ అని రెండో హెల్మెట్ ఒకటి కొని పెట్టాను.